రేడియం సూది వెతుకుతూ బోధన్ దారిలో

నిజామాబాదు వెళ్తున్నానని చెప్తే మా స్టాఫ్ రూములో అందరూ ఒకటే అడిగారు. "అక్కడ చూడ్డానికేముందండీ?" తిరుపతి అంటే మొక్కు అనుకుంటారు, ఢిల్లీ అంటే దర్జా అనుకుంటారు. క్రిస్మస్ సెలవుల్లో నలభై రెండేళ్ల సైన్సు టీచరు బాపట్ల నుంచి ఒంటరిగా బయల్దేరి, అంత దూరాన ఉన్న ఒక రేడియో రిపేరు కొట్టు చూడటానికి వెళ్తోందంటే ఎవరికీ మింగుడు పడలేదు. మా హెడ్‌మిస్ట్రెస్ "జాగ్రత్తమ్మా" అని ఒక మాట అని, రెండో మాట లోపలే ఉంచుకున్నారు.

సంగతి ఏమిటంటే, ఒక వారపత్రికలో పాఠకుల పేజీలో నిజామాబాదు నుంచి గంగారాం అనే ఆయన నాలుగు ముక్కలు రాశారు. చైనావాళ్లు అణుబాంబు పేల్చారని పేపర్లో చదివారట. ఆ దుమ్ము వానలో కలిసి మన మీద కురుస్తుందేమో వినాలనుకున్నారట. అందుకని రేడియేషన్‌ను పసిగట్టే యంత్రం ఇంట్లోనే తయారు చేసుకున్నారట. "వినాలనుకున్నాను" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. పదిహేడేళ్లుగా పిల్లలకు రేడియం పాఠం చెప్తున్నాను. ఆల్ఫా, బీటా, గామా అని బోర్డు మీద రాస్తాను, గంట కొట్టగానే తుడిచేస్తాను. ఒక్క కిరణాన్ని చూసిన పాపాన పోలేదు, విన్న పాపానా పోలేదు. ఆయనకు ఉత్తరం రాశాను. "ఎప్పుడన్న రాండ్రి, వినిపిస్త" అని కార్డు వచ్చింది. సరే, వెళ్లాను.

నిజామాబాదు: రేడియో కొట్టు

స్టేషను బయట రిక్షా ఎక్కి "రేడియో గంగారాం గారి కొట్టు" అనగానే రిక్షా అతను ఇంకో ప్రశ్న వేయకుండా తొక్కడం మొదలుపెట్టాడు. గంజు, అంటే టోకు బజారు, మీదుగా వెళ్తుంటే పసుపు వాసన గొంతులో పట్టుకుంది. మా వైపు పసుపంటే పోపులపెట్టెలో ఒక గిన్నె. ఇక్కడ బస్తాలకు బస్తాలు, గుట్టలకు గుట్టలు. హమాలీల చొక్కాలు పసుపు, ఎద్దుల కొమ్ములు పసుపు, కొట్టువాడు ఇచ్చే కాగితప్పొట్లం కూడా పసుపే. రెండు రోజుల్లో నా కళ్లు ఆ రంగుకు ఎంత అలవాటు పడిపోయాయంటే, తర్వాత అదే నన్ను మోసం చేసింది.

కొట్టు కంఠేశ్వర్ గుడికి నాలుగడుగుల దూరంలో ఉంది. పొట్టలు విప్పిన రేడియోలు గోడవారగా వరసగా ఉన్నాయి. గంగారాం గారు నలభై దాటిన బక్కపలచని మనిషి. విరిగిన కళ్లజోడు పుల్లకు తనే టంకం పెట్టుకున్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు గానీ మొహంలో నవ్వు లేదు.

"మంచి టైముకొచ్చిండ్రు టీచరమ్మా. జర కష్టమున్నది," అన్నారు.

బల్ల మీద ఒక పెద్దమనిషి తల పట్టుకుని కూచున్నారు. అదే వీధిలో చిన్న ఆస్పత్రి నడిపే డాక్టరుగారు. పేరు రాయనని మాటిచ్చాను, రాయను. నోటి పుండ్లకు, అంటే క్యాన్సర్‌కు, ఆయన రేడియం సూదులతో వైద్యం చేస్తారు. ఇంజెక్షను సూది అనుకునేరు, అది కాదు. అగ్గిపుల్లలో సగం పొడవుంటుంది, అంతకంటే సన్నం. ప్లాటినం తొడుగు, లోపల కంటికి ఆననంత రేడియం, ఒక కొసన బెజ్జం, దానికో పట్టుదారం. పుండు చుట్టూ అలాంటివి గుచ్చి, వారం ఉంచి తీసేస్తారు.

"ఎనిమిది పెట్టిన. తీసిననాడు లెక్క చూసుకోలే. నిన్న పెట్టె తెరిస్తే ఏడే ఉన్నయ్," అన్నారాయన నేల చూస్తూ. "తొమ్మిది రోజులైంది. ఎవల జేబుల ఉన్నదో, ఎవల పక్కల ఉన్నదో. ముట్టుకుంటే వేడి ఉండది, నొప్పి ఉండది. కాలిందని తెలిసేటాళ్లకు కాలుడు అయిపోతది."

ఆ రోగి ఎడపల్లి రైతు, పేరు లింగన్న. కాంపౌండరు వాళ్లింటికి వెళ్లి అడిగి వచ్చాడు. లేదంటే లేదన్నారట. అయితే చెత్తలోకి పోయి ఉండాలని డాక్టరుగారి అనుమానం. ఎక్కడున్నా, ఎవరి చేతికో చిక్కక ముందే దాన్ని పట్టుకోవాలి. పట్టుకోగలిగిన యంత్రం జిల్లా మొత్తానికి ఈ కొట్లో ఒక్కటే ఉంది. అది పనిచేయడం లేదు.

పాత గొట్టం పగిలింది. కొత్త గాజు గొట్టం తయారుగా ఉంది. అందులో నింపే ఆర్గాన్ వాయువును హైదరాబాదు నుంచి తెప్పించి పెట్టుకున్నారు. దానితో పాటు కాస్త స్వచ్ఛమైన ఆల్కహాలు ఆవిరి కావాలి. దాని సీసా ఖాళీ.

"మా అవ్వ మోకాళ్లకు రాసుకున్నది," అన్నారు గంగారాం గారు.

లోపలి గదిలోంచి వాళ్లమ్మ జవాబు వచ్చింది. "గింత సీసల గంత మంట ఉన్నదని నాకేమెర్క కొడకా? రాసుకున్న. మోకాళ్లైతే మంచిగైనయ్!"

డాక్టరుగారు కూడా ఒక్క క్షణం నవ్వారు. ఆస్పత్రి స్పిరిటు పనికిరాదా అని నేనడిగితే, అందులో ఏవేవో కలుపుతారని, గొట్టం పాడవుతుందని చెప్పారు గంగారాం గారు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ పక్కన మొలాసిస్ నుంచి తీసే ఆల్కహాలు అయితే కల్తీ ఉండదట. తెల్లారి వెళ్దామని అనుకున్నాం.

ఆ సాయంత్రం అవ్వ నాకు జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. ఒంటిచేత్తో రొట్టె తుంచడం నాకు రాలేదు. రెండు చేతులతో లాగబోతే సగం ముక్క ఎగిరి పక్కనున్న రేడియోలో పడింది. "చదువుకున్నదానివి గద బిడ్డా," అని అవ్వ జాలిపడింది. కాఫీ మాత్రం ఎక్కడా దొరకలేదు. పది పైసలకు చాయ్ ఇచ్చారు. చిక్కటి పాలు, పాకం లాంటి తీపి. తలనొప్పి పోలేదు గానీ కడుపు నిండింది.

ఎడపల్లి: నా తొందర

బోధన్ బస్సు ఎడపల్లి మీదుగానే వెళ్తుంది. అటూ ఇటూ చెరుకు. దారంతా ఫ్యాక్టరీకి పోయే ఎడ్లబండ్లు, ఒకదాని వెనక ఒకటి కదిలీ కదలనట్టు సాగుతున్నాయి. బస్సులో గంగారాం గారు ఒక సంగతి చెప్పారు.

"లింగన్నను సూసిపోదాం. మీరేమీ అడుగకుండ్రి. పానం ఎట్లున్నదని అడుగుదాం, నీళ్లు తాగుదాం. వాళ్లంతట వాళ్లు చెప్తే చెప్పిండ్రు. లేకుంటే రేపు మిషను తెచ్చుకుందాం."

సరేనన్నాను. ఆ సరే ఎంతసేపు నిలబడిందో చెప్తాను.

లింగన్న వాకిట్లో నులకమంచం మీద ఉన్నాడు. దవడ వాచి, తువ్వాలు చుట్టుకుని, సైగలతోనే పలకరించాడు. భార్య సాయవ్వ అరుగు మీద ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ముప్పై ఏళ్లుంటాయి. బీడీలు చుట్టడం నేను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. రేకు కొలత పెట్టి తునికాకు కత్తిరిస్తుంది, చిటికెడు తంబాకు పరుస్తుంది, వేళ్ల మధ్య ఒక్కసారి దొర్లిస్తుంది, సన్న పుల్లతో మూతి లోపలికి మడుస్తుంది, దారం చుడుతుంది. అంతా కలిపి మనం రెండుసార్లు రెప్ప వేసేంత సేపు. కళ్లు మాత్రం మా మీదే ఉన్నాయి. చేతులకు చూపు అక్కరలేదు. నేను నోరు తెరుచుకుని చూశాను. ఆ వేళ్లకు పసుపు పట్టించి ఉంది. ఇక్కడ పసుపు అంటని చేతులెక్కడివి అనుకున్నాను.

గంగారాం గారు పంట సంగతి, పాలిచ్చే బర్రె సంగతి, పక్కింటి గోడ సంగతి మాట్లాడుతున్నారు. పావుగంట గడిచింది. నాకు ఓపిక నశించింది. పరీక్ష హాల్లో చీటీ దాచిన పిల్లను నిలదీసే గొంతు ఒకటి నాకుంది. అది నా అనుమతి లేకుండానే బయటికొస్తుంది.

"ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు చిన్న సూదిలాంటిది ఏమైనా తీసుకొచ్చావా? నిజం చెప్పు. అది చాలా ఖరీదైనది," అన్నాను.

సాయవ్వ చేతులు ఆగాయి. చాట మీద గుడ్డ కప్పింది.

"మేం దొంగలమా అమ్మా? మొన్న గా కంపౌండరు వచ్చిండు, ఇయ్యాల మీరొచ్చిండ్రు. నా దగ్గరేం లేదు."

చాట ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. లింగన్న మంచం మీద నుంచి లేవబోయి లేవలేక గోడ వైపు తిరిగాడు. బయటికొచ్చాక గంగారాం గారు నాకంటే నాలుగడుగులు ముందు నడిచారు. బస్సు ఎక్కాక, "మీ మీద కోపం లేదు టీచరమ్మా. కానీ ఇగ ఆ ఇంట్ల మన మాట నడువది," అన్నారు. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గును కప్పుకోవడానికి కిటికీలోంచి చెరుకు చూస్తూ కూచున్నాను.

బోధన్: గొట్టానికి మందు

బోధన్ రాకముందే దాని వాసన వస్తుంది. ఉడుకుతున్న చెరుకురసం, పులిసిన మొలాసిస్, బొగ్గు పొగ. మొదట తియ్యగా ఉంటుంది, గంటలో తల తిరుగుతుంది. ఫ్యాక్టరీ గేటు ముందు బండ్ల వరస ఎంత పొడవుందో నడిచి చూద్దామని బయల్దేరి, సగంలో విసుగొచ్చి వెనక్కి వచ్చాను. బజారులో మరాఠీ ముసలామె ఒకామె జొన్నరొట్టె మీద శెనగపిండి కూర వేసి అమ్ముతోంది. "బస్ బాయి, బస్", అంటే కూచోమ్మా కూచో, అని పీట జరిపింది. కూచుని తిన్నాను. కారానికి కళ్లలో నీళ్లొస్తే బెల్లంముక్క చేతిలో పెట్టి, దానికి డబ్బు తీసుకోలేదు. మా ఊళ్లో హోటలు సర్వరు రెండో గ్లాసు నీళ్లకే మొహం ముడుస్తాడు.

ఆల్కహాలు తీసేచోట పనిచేసే కెమిస్టు గంగారాం గారికి తెలిసినవాడే. చిన్న సీసాలో రెండు చెంచాలు పోసిచ్చాడు, కాగితం రాసిచ్చాడు. గేటు దగ్గర ఎక్సైజు జవాను ఆపాడు.

"ఇది ఎవలు తాగుతరు?"

"ఎవలు తాగరన్నా. గొట్టంల పోస్త."

"గొట్టం తాగుతదా?"

"దీని ఆవిరి తాగుతది. లేకుంటే వాగుడు బంద్ చెయ్యది."

జవాను నా వైపు చూశాడు, ఈ మనిషికి మతి సరిగ్గా ఉందా అన్నట్టు. సైన్సు టీచరుగా నా వంతు వచ్చింది. కిరణం ఒకటి గొట్టంలో దూరితే లోపలి వాయువులో చిన్న మెరుపు లాంటిది పుడుతుందనీ, అది టక్కుమని చప్పుడవుతుందనీ, ఆల్కహాలు ఆవిరి లేకపోతే ఆ మెరుపు ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటుందనీ, ఆవిరి ఉంటే ఒక్కసారి పలికి మళ్లీ వినడానికి సిద్ధమవుతుందనీ చెప్పాను.

జవాను అంతా విని తల పంకించాడు. "అంటే తాగితే నోరు మూస్తదన్నట్టు. మా దగ్గర తాగినోడు నోరు తెరుస్తడు. పోండ్రి," అని గేటు తీశాడు. పదిహేడేళ్ల సర్వీసులో నా పాఠం అంత బాగా అర్థం చేసుకున్న విద్యార్థి ఇంకొకరు లేరు.

నిజామాబాదు: చప్పుడు లేని చోటు లేదు

ఆ సాయంత్రం గొట్టం నింపడం చూశాను. ఇది రాయడానికే ఇంత దూరం వచ్చానేమో అనిపించింది.

చిటికెన వేలంత లావు గాజు గొట్టం. లోపల రాగిరేకు చుట్ట. మధ్యలో వెంట్రుకలాంటి తీగ. మాడిపోయిన బల్బుల్లోంచి తీసి, వంకర లేకుండా సాగదీసినదట. గాలి తీసేయడానికి పంపు కావాలి. కాలేజీల్లో వేలు పోసి కొనే పంపు అది. గంగారాం గారు సైకిలు పంపు విప్పి, లోపలి తోలు వాషరు తిరగేసి బిగించారు. గాలి కొట్టే పంపు గాలి పీల్చే పంపు అయింది. పీల్చి, ఆర్గాన్ వదిలి, మళ్లీ పీల్చి, మళ్లీ వదిలి, అలా ఇరవై సార్లు. పాదరసం గొట్టంలో మట్టం చూసుకుంటూ, చివర బోధన్ సీసాలోంచి ఒక చుక్క ఆవిరి. కంసాలి ఊదుగొట్టంతో గాజు మూతి కరిగించి మూసేశారు.

పాత రేడియో ట్రాన్స్‌ఫార్మరు నుంచి దానికి తొమ్మిది వందల వోల్టులు అందుతాయి. స్పీకరు ట్రాన్సిస్టరుది. మీట నొక్కారు.

టక్. కాసేపు ఏమీ లేదు. టక్... టక్‌టక్. మళ్లీ ఏమీ లేదు.

"సూది ఇక్కడుందా?" అని కంగారుపడ్డాను.

"సూది కాదు టీచరమ్మా. గిది మామూలు. ఆకాశంల నుంచి వస్తది, మట్టిల నుంచి వస్తది, గీ గోడ రాళ్లల నుంచి వస్తది. మీరు పుట్టినకాడికెళ్లి మీల నుంచి పోతనే ఉన్నది."

బల్ల మీద నా చెయ్యి ఉంది. ఆ చేతిలోంచి, గోడలోంచి, అవ్వ మోకాళ్లలోంచి ఏదో ఎడతెరిపి లేకుండా దూసుకుపోతోంది. ఇన్నాళ్లూ పాఠం చెప్పాను గానీ నమ్మలేదు. ఆ పూట నమ్మాను. కళ్లలో నీళ్లు వచ్చాయని రాయడానికి నాకేమీ నామోషీ లేదు.

ఇంతవరకూ పుస్తకాల్లో దొరికే విద్యే. ఆయన సొంత తెలివి ఇంకొకటుంది. మామూలు గొట్టం కిరణం వచ్చిందని చెప్తుంది గానీ ఎటు నుంచి వచ్చిందో చెప్పదు. గంగారాం గారు పాత బ్యాటరీల్లోని సీసం కరిగించి, మట్టి అచ్చులో పోసి, గొట్టానికి మందపాటి తొడుగు చేశారు. ఒకవైపు మాత్రం సన్నటి సందు వదిలారు. గుర్రానికి గంతలు కట్టినట్టు, ఆ యంత్రం ముందుకు మాత్రమే వింటుంది. ఒకచోట నిలబడి, నెమ్మదిగా తిప్పి, చప్పుడు ఎటు ఎక్కువైతే అటు గీత గీసుకోవాలి. ఇంకోచోటుకి వెళ్లి ఇంకో గీత. రెండూ కలిసేచోట సరుకు ఉంటుంది. దీన్ని చూడటానికి పెద్ద శాస్త్రవేత్తలు రావాలి. వచ్చింది నేను.

మర్నాడంతా ఆ బరువు మోస్తూ వెతికాం. ఆస్పత్రి గదులు, కాలవ, కట్లు కాల్చే గుంత, వీధి చివరి చెత్తకుప్ప. కంఠేశ్వర్ జనం వినోదం చూస్తూ వెంట నడిచారు. రేడియోలో పాట ఎందుకు రావట్లేదని ఒకాయన అడిగాడు. పొద్దుగూకేదాకా అదే నిదానపు టక్ టక్. ఆస్పత్రిలో లేదు, చెత్తలో లేదు.

గంగారాం గారు చేతులు కడుక్కుంటూ, "ఎడపల్లే," అన్నారు. నేను తల ఎత్తలేదు.

మళ్లీ ఎడపల్లి

నాలుగోరోజు పొద్దున్నే డాక్టరుగారి కారులో వెళ్లాం. కారును, డాక్టరుగారిని, సూది పెట్టే సీసం డబ్బాను ఊరి బయటే ఆపమన్నారు గంగారాం గారు. కారు చూస్తే జనం గుమిగూడుతారు. గుమిగూడితే ఒకరి మీద దొంగతనం పడుతుంది.

ఆయన చేసిన పని ఇంకొకరికి తోచేది కాదు. నేరుగా లింగన్న ఇంటికి వెళ్లకుండా సందు మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టారు. "అక్కా, గీ మిషను ఎట్ల పనిచేస్తదో సూస్తున్న. ఇంటికో నిమిషం. అందరిండ్లల్ల సూస్త," అని ప్రతి గడప ముందూ చెప్పారు. ఆడవాళ్లు నవ్వారు. ఒకామె తన కోడిపుంజును వినిపించమంది, వినిపించారు. ఏ ఇంటినీ వేలెత్తి చూపినట్టు కాలేదు.

మూడో ఇంటి దగ్గర చప్పుడు మారింది. నేను గమనించేలోపే ఆయన మొహం మారింది. నిదానంగా పడే టక్కులు జంటలయ్యాయి, జంటలు గుంపులయ్యాయి. యంత్రం ఎడమకు తిప్పితే తగ్గాయి. కుడికి తిప్పితే రేకుల కప్పు మీద వాన మొదలైనట్టు అయింది. ఎదురుగా ఉన్నది మట్టిగోడ. జానెడు మందం. ఆ గోడ అవతల ఎక్కడో అగ్గిపుల్లలో సగమంత వస్తువు ఉంది. దాని మాట గోడ దాటి మా దాకా వస్తోంది. ఎంత చదివినా దీనికి మనిషి సిద్ధంగా ఉండలేడు.

సందు అవతలి నుంచి ఇంకో గీత తీశారు. రెండూ లింగన్న ఇంటి వెనక వసారాలో కలిశాయి.

గంగారాం గారు మీట ఆపేసి, పొడుగాటి పట్టుకారు నా చేతికిచ్చారు.

"మీరే పోండ్రి. మగోణ్ణి నేను పోతే పంచాయితి అయితది. మొన్న మీరే అడిగిండ్రు, ఇయ్యాల మీరే అడుగాలె. చేతితోని మాత్రం ముట్టకుండ్రి."

వసారాలో సాయవ్వ ఒక్కతే ఉంది. ఒళ్లో చాట ఉంది. నన్ను చూసి గుడ్డ కప్పబోయింది. నేను నిలబడి మాట్లాడలేదు. ఎదురుగా కింద కూచున్నాను.

"మొన్న నేను తప్పుగా అడిగాను సాయవ్వా. పోలీసులు లేరు, ఎవరూ రారు. మీ ఆయన నోట్లోంచి జారిపడిన పుల్ల ఒకటుంది. ముట్టుకుంటే చల్లగా ఉంటుంది గానీ అది నిప్పు. నీ దగ్గరుంటే నిన్ను కాలుస్తోంది. నీ చెయ్యి కోసం వచ్చాను, దానికోసం కాదు."

ఆమె నా వైపు చూడలేదు. తన చెయ్యి చూసుకుంది. చూపుడువేలికి చుట్టిన పీలిక నెమ్మదిగా విప్పింది. పసుపు కింద చర్మం ఎర్రగా ఉబ్బి, కొసన పొక్కి నల్లబడింది. బొటనవేలు కూడా కందిపోయింది.

"ఆకు కోసుకుపోయిందనుకున్న అమ్మా. పసుపు పెట్టిన, తగ్గలే."

గుడ్డ తీసింది. చాట అంచుకు పట్టుదారంతో కట్టి ఉంది ఆ పుల్ల. బీడీ మూతులు మడిచే పుల్ల. మొన్న నేను నోరు తెరుచుకుని చూసినప్పుడు ఆమె వేళ్ల మధ్య ఆడింది అదే.

"దవాఖానల దుప్పటి దులిపితే పడ్డది," అంది సాయవ్వ. "బంగారమనుకోలే, ఎండి అనుకోలే. నా ఇనుప పుల్ల తడి ఆకుకు తుప్పు పట్టి మూతి చింపుతది. చినిగిన బీడీ, బీడీలు తీసుకునే టేకేదారు ఏరి పారేస్తడు. గిది సన్నగున్నది, నున్నగున్నది. ఒక్క ఆకు చినుగలే. పని మంచిగ నడుస్తదని తెచ్చుకున్న. గంతే అమ్మా. కంపౌండరు పోలీసోళ్ల పేరు తీసినంక ఇగ ఎట్ల చెప్పాలె? మా ఆయన మంచాన ఉన్నడు."

దారం కత్తిరించి, పట్టుకారుతో పుల్లను పట్టుకున్నాను. చెయ్యి చాపినంత దూరంలో పెట్టుకుని, పెరటిదారిన డాక్టరుగారి దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్లాను. సీసం డబ్బా మూత పడింది. డాక్టరుగారు మూత మీద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు.

తిరిగి వచ్చేసరికి సాయవ్వ గంగారాం గారిని అడుగుతోంది. "అన్నా, నా చేతికాడ కూడ పెట్టు. ఇంకా మొత్తుకుంటదా సూడు."

గొట్టం తొడుగులోంచి తీసి ఆమె అరచేతి పక్కన పెట్టారు. టక్. చాలాసేపటికి ఇంకో టక్. అందరి చేతుల్లోంచీ వచ్చే చప్పుడే. సాయవ్వ మొహం విచ్చుకుంది. "పోయింది గదా! మంచిగైనట్టే గదా?"

అవుననడం ఎంత తేలిక. నేనైతే అనేసేదాన్నే. గంగారాం గారు ఆమె ముందు గొంతుక్కూచుని చెప్పారు.

"లేదు చెల్లె. అగ్గి తీసేసినం, కాలింది కాలినట్టే ఉన్నది. ఎంత లోపలికి కాలిందో నా మిషనుకు వినవడది. నెల రోజులల్ల చెయ్యే చెప్తది. ఊరి బయట డాక్టరు సాబ్ ఉన్నడు, తప్పు ఆయనదని ఆయనకెర్క. చూపిద్దాం పా."

ఆమె చాట పక్కన పెట్టి లేచింది. ఒక అడుగు వేసి ఆగి, ఎడమచేత్తో చీర కొంగు తీసి ఆ రెండు వేళ్లకూ చుట్టుకుంది, చంటిపిల్లకు కప్పినట్టు.

బాపట్లకు వచ్చిన ఉత్తరం

ఊరొచ్చాక అందరూ ఏం చూశావని అడిగారు. సైకిలు పంపు గురించి చెప్పాను, గోడ దాటి వచ్చిన చప్పుడు గురించి చెప్పాను. క్లాసులో రేడియం పాఠం ఈసారి బోర్డు మీద రాయలేదు. బల్ల మీద వేలితో కొట్టి వినిపించాను. ఇవన్నీ చెప్పడం సులువే. నిద్రపట్టనివ్వని సంగతి ఒకటుంది. అది గంగారాం గారికి రాశాను. నేను ఆ రోజు అలా నిలదీయకుండా ఉంటే, ఆమె ఆనాడే ఇచ్చేదేమో. మధ్యలో రెండు రోజులు పోయాయి. ఆ రెండు రోజులూ ఆమె బీడీలు చుట్టింది. వాటివల్ల ఎంత జరిగింది?

జవాబు రావడానికి రెండు నెలలు పట్టింది. ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

"టీచరమ్మకు నమస్కారం. సాయవ్వకు డాక్టరు సాబ్ దగ్గరుండి వైద్యం చేసిండు. బొటనవేలు నిలబడ్డది. చూపుడువేలు చివరి కణుపు తీసేసిండ్రు. ఇప్పుడు నడిమి వేలుతోని చుట్టుడు నేర్చుకుంటున్నది. మొదట్ల రోజుకు యాభై గూడ కాలే, ఇప్పుడు మూడు వందలు చుడుతున్నది. లింగన్న పుండు మానింది, అన్నం నములుతున్నడు. మీరు ఆ రెండు రోజుల సంగతి అడిగిండ్రు. నా మిషను ఇప్పుడు వచ్చేదాన్నే లెక్కపెడతది, అయిపోయినదాన్ని పెట్టది. అయినా మీరు అడిగిండ్రు గనుక కాగితం మీద లెక్క వేసి చూసిన. ఆ రెండు రోజులు లేకుంటే కణుపు దక్కేదేమో. దక్కకపోయేదేమో. ఏది రాస్తే మీకు నిద్ర పడుతదో నాకెర్క. అది రాస్తే అబద్ధమైతది."

ఆ ఉత్తరం మీద నాకు మొదట కోపం వచ్చింది. రెండోసారి చదివాక పోయింది. ఆయన గొట్టం ఎంత నిక్కచ్చిగా పలుకుతుందో మనిషీ అంతే.

సాయవ్వకు ఉత్తరం రాద్దామని కూచున్నాను. ఆమెకు చదువు రాదు. గంగారాం గారే వెళ్లి చదివి వినిపించాలి. నా తప్పును ఆయన నోటితో చెప్పించడం బాగుండదని చించేశాను. ఆ సంగతి ఆమెకు ఇంతవరకూ తెలియదు. కాంపౌండరు భయపెట్టాడు, ఈ టీచరమ్మ కాపాడింది అనే ఆమె అనుకుంటోంది. వేసవి సెలవులకు టిక్కెట్టు తీసుకున్నాను. ఈసారి చూడ్డానికేముందని ఎవరూ అడగలేదు, అడిగినా చెప్పను. ఆనాడు వాకిట్లో ఆమెను దొంగను నిలదీసినట్టు అడిగాను. లోపల, ఆమె చాట ఎదురుగా కూచుని, ఆ రెండు రోజులూ నావేనని చెప్పాలి.